ఫోన్ మీద బొట్టు

అయ్యప్ప నా ఫోన్ లాక్కుని, గోటితో బొట్టు పీకబోయాడు. చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

"తీసినవంటే నేను ఆడనే ఆడ," అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, కువైట్‌లోని రిగ్గైలో మా చెల్లెలు అనురాధ గదిలో ఉన్నాం. సల్వాలో నేను పనిచేసే ఇంట్లో నాకిచ్చే సెలవు ఆ ఒక్క పూటే. ఆ పూట ఫోన్‌లో తుపాకుల ఆట కోసమే ఇక్కడికి వస్తానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మాది నలుగురి టీం: కెప్టెన్‌గా కడప డ్రైవరు అయ్యప్ప, అనురాధ, ఆమె మొగుడు బాలకిషన్, నేను. నాలుగింటికి సాల్మియాలో హోటల్ పనిచేసేవాళ్లతో మ్యాచ్. నన్ను తీసేస్తే ఆడదామని అయ్యప్ప రూమ్మేట్ గంగులయ్య అప్పటికే ఫోన్ చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాడు.

ఈ ఆటలో దూరపు తుపాకీకి దుర్బిణి తెరిస్తే తప్ప గురి గుర్తు కనబడదు. తెరిచేలోపు అవతలివాడు మనల్ని లేపేస్తాడు. తూటా మాత్రం ఎప్పుడూ స్క్రీన్ సరిగ్గా నడిమికే పోతుంది. అందుకని నా బొట్టుబిళ్లల అట్టలోంచి అన్నింటికన్నా చిన్నది తీసి అక్కడ అంటించాను. నేను చేసిన నేరం ఇదే.

"ఇది మోసం అక్కా! చుక్క మీదికి మనిషి వస్తే నొక్కడమేగా! ఇంక గురి నేర్చుకునే పనేముండాది?" అన్నాడు అయ్యప్ప. "అది తీసేస్తే నీకేమీ రాదు."

పంతానికి పోయి తీశాను. ప్రాక్టీసులో పరుగెత్తే బొమ్మలు పది వస్తాయి. మూడు కొట్టాను. గంగులయ్య పళ్లికిలించాడు. నా మొహం మండిపోయింది. అబద్ధమెందుకు, భయం కూడా వేసింది. నిజంగానే నాకేమీ రాదేమో.

"చూసినావా?" అన్నాడు అయ్యప్ప.

"చూసిన. లేకుంటే మూడే. ఇగ నువ్వు పెట్టుకొని కొట్టి సూపియ్యి."

ఇంకో బిళ్ల తీసి అతని ఫోన్ మీద నేనే అంటించాను. మామూలుగా ఆరు కొట్టేవాడు నాలుగే కొట్టాడు. బొమ్మ వెనకాల చుక్కను ఈడ్చుకుంటూ తిరిగాడు, అదెప్పుడూ ఒక అడుగు వెనకే ఉంది. తూటా ఎక్కడికి పోతుందో బొట్టు చెబుతుందే గాని, మనిషి ఎటు దూకుతాడో చెప్పదు. అది తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలల శుక్రవారాలు పట్టాయి.

నా బొట్టు మళ్లీ పెట్టుకుని తొమ్మిది కొట్టాను. బాలకిషన్ ఈల వేశాడు.

అయ్యప్ప గడ్డం గోక్కున్నాడు. "సరే, ఆడు. అయితే వాళ్లకు చెప్పాకు."

నాకు ఒళ్లు మండింది. ఇందాక మోసం అన్న పెద్దమనిషి ఇప్పుడు దాచిపెట్టమంటున్నాడు!

"దాస్తే దొంగతనమైతది తమ్మీ. నేను దొంగను కాను," అని, రెండు టీంలూ ఉన్న గ్రూపు కాల్‌లో మైకు నొక్కాను. "హోటలోల్లూ, నేను గంగామణిని. నా ఫోన్ మీద గురికి బొట్టు పెట్టుకున్న. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి, నేను పక్కకు కూసుంట. కానీ బొట్టు మాత్రం తియ్య."

అనురాధ నా మోచెయ్యి పట్టుకుంది. అవతల గుసగుసలు. గంగులయ్య చార్జరు పీకేసి రెడీ అయ్యాడు. నా చోటు పోయిందనే అనుకున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

వాళ్ల కెప్టెన్ పద్మశ్రీది గోదావరి యాస. "పెట్టుకోండమ్మా, మాకేం భయం లేదు. కాకపోతే నలుగురం కలిసి ముందు మిమ్మల్నే లేపేస్తామండి."

వారమంతా, మామా అని పిలవాల్సిన మా అరబ్బు యజమానురాలి ముందు, "సరే మామా" తప్ప ఇంకో మాట పలకని నోరు నాది.

"రాండ్రి," అన్నాను.