తిరగేసి పరిచిన దుప్పటి

పదకొండింటికి గెస్ట్‌హౌస్ ఆవిడ వస్తానంది. వీధంతా కుట్టు పిన్ని అని పిలిచే ఆమెకు పొద్దుటి నుంచీ కాలు నిలవలేదు. ముందుగదిలో మంచం మీద తను కుట్టిన దుప్పట్లు పరిచి చూపించాలి. నచ్చితే పన్నెండు గదుల పని ఆమెదే. నచ్చకపోతే మళ్ళీ జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చోవడమే.

అడుగున తెల్ల కాటన్ దుప్పటి వేయడం వరకు ఏ పేచీ లేదు. దిండు గలీబులు కూడా తేలిగ్గానే తెమిలాయి. నిండా పూలున్న జత చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, తెల్లారేసరికి ముడులన్నీ చెంప మీద అచ్చుపడతాయి. అందుకని అంచున మాత్రం తీగ ఉన్నవి తీసింది.

చిక్కంతా పైన పరిచే గోధుమరంగు లినెన్ దుప్పటి దగ్గర వచ్చింది. దాని తల వైపు జానెడు వెడల్పున నీలిపూలు కుట్టింది పిన్ని. గెస్ట్‌హౌస్ ఆవిడ ఫోనులో చెప్పింది ఒకటే మాట: పై దుప్పటి తిరగేసి పరవాలి, పూలు కనపడాలి.

తిరగేయడమంటే ఏమిటి? తల వైపును కాళ్ళ వైపుకు తిప్పి చూసింది. పూలు కాళ్ళ దగ్గరకు పోయాయి. కాళ్ళు తుడుచుకునే పట్టాలా ఉందని, సాయానికొచ్చిన వదిన మూతి విరిచింది. మళ్ళీ తిప్పి, మామూలుగా పరిచి, పైన రగ్గు కప్పి, దుప్పటి అంచును దాని మీదకు మడిచింది. పూలు లోపలికి పోయి, వెనకనున్న ముడులూ దారపు కొసలూ పైకి తేలాయి. ఇక మిగిలింది బోర్లా వేయడమే.

"రవిక తిరగేసి తొడుక్కుని బజారుకెళ్ళినట్టుంటుందే అమ్మాయ్," అంది వదిన.

పిన్నికి బుర్ర గిర్రున తిరిగింది. ఇన్ని తిప్పులకు లినెన్ కూడా నలిగిపోయింది. నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె అందుకోబోతుంటే తలుపు చప్పుడైంది.

తెలిసినట్టే ఉండాలనుకుంది పిన్ని. కానీ ఆవిడ మంచం వంక చూడగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏమనుకోకండి మేడం, ఏది తిరగేయాలో నాకు బోధపడలేదు."

ఆవిడ దుప్పటిని బోర్లా పరిచి, రగ్గు కప్పి, తల వైపు అంచు దాని మీదకు మడిచింది. పూలు రగ్గు మీద వరసగా నిలబడ్డాయి. వదిన కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"మా పనివాళ్ళదీ ఇదే తికమక," అంది ఆవిడ. "ఎన్నిసార్లు చెప్పినా మామూలుగానే పరుస్తారు. అందుకని పన్నెండిటికీ పూలు తిరగవైపున కుట్టండి. అప్పుడు వాళ్ళు మామూలుగా పరిచినా మడతలో పూలే పైకి వస్తాయి."

పని దొరికింది. ఆవిడను సాగనంపి, కొత్త లినెన్ ముక్క ఒళ్ళో వేసుకుంది పిన్ని. అటు చూసింది, ఇటు చూసింది. రెండు వైపులా ఒకటే నేత.

"వదినా, దీనికి తిరగవైపేది?"

"నువ్వు పూలు కుట్టని వైపు."

"తిరగవైపునే కదా కుట్టమంది?"

చివరికి వదినే అంచులు ఒకవైపుకు మడిచి గుండుసూదులు గుచ్చి, ఈ మడతలు కనపడేదే తిరగవైపు, పూలూ దీని మీదే కుట్టు అని తేల్చింది. పిన్ని సరేనని సూదిలో దారం ఎక్కించి, ఎందుకైనా మంచిదని గుడ్డను మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకుంది.