నలభై దాటకుండా

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక బైకుల షోరూములో మా నాయిన పని చేసేవాడు. కొత్త బండి కొన్నవాళ్ళకు తాళం ఇచ్చే ముందు దాన్ని ఎలా నడపాలో చెప్పడమే ఆయన ఉద్యోగం. పేరు తీతు. షోరూములో మాత్రం అందరూ నలభై తీతు అనేవాళ్ళు. వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, ఫస్ట్ సర్వీసు అయ్యేదాకా స్పీడు నలభై దాటనని వాడి నోటితో అనిపించుకుంటే తప్ప తాళం చేతిలో పెట్టేవాడు కాదు. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. ఆయనకు ఏదీ పట్టేది కాదు.

మా అన్న జోయల్‌కు కొరియర్ కంపెనీలో ఉద్యోగం వచ్చి బండి కొన్న రోజు కూడా అంతే. కన్నకొడుకని చూడలేదు. బండి తీసుకోవడానికి వచ్చిన మిగతావాళ్ళతో పాటు వరసలో నిలబెట్టి, వాణ్ణీ సార్ అనే పిలిచి పాఠం మొదలుపెట్టాడు. నేనూ అమ్మా ఓ పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాం.

"సార్, ఇంజన్ల అన్ని కొత్త సామాన్లు. ఇనుముకు ఇనుముతోని సోపతి, దోస్తానా గావాలె. సోపతి అయ్యేదాంక తొందరపెడితే గీసుకుంటయ్. పొద్దుగాల స్టార్ట్ చేసి ఒక్క నిమిషం అట్లనే ఉంచుండ్రి, ఎంటనే రేస్ ఇయ్యొద్దు. నలభై దాటొద్దు. గట్లని ఒకటే స్పీడుల, ఒక్కతీరుగ గుడ పోవద్దు. గేర్లు మారుస్త, జర పెంచుత, జర తగ్గిస్త పోవాలె. టైర్లు కొత్తయి, జారుతయ్, మలుపుల కాడ పైలం. ఎనక ఎవ్వరిని కూసోవెట్టుకోవద్దు."

"అమ్మాయిలను గుడనా సార్?" అని అడిగాడు అన్న.

షోరూమంతా గొల్లుమంది. నాయిన మొహంలో ఏమీ కదల్లేదు. "ముందుగాల ఫస్ట్ సర్వీసు గానీ సార్, అప్పుడు సూద్దాం" అని తాళం చేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు మన్సూరాబాద్‌లో మేము కిరాయికి ఉండే ఇంటికి వచ్చి, పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన సందు మలుపు తిరగగానే మా అమ్మ లింగమ్మ ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. నల్లగొండ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా, చర్చికి ఒక్క ఆదివారం తప్పకపోయినా, ఆమె జాగ్రత్తలు ఆమెవే. "ప్రభువుకు కోపం రాదా అమ్మా?" అని అన్న ఆటపట్టిస్తే, "ప్రభువుకు అన్ని ఎరికే, నువ్వు తొక్కియ్యరా" అంది. ఇంటి ఓనరు గంగాధరరావుగారు తెనాలి వైపు మనిషి. మెట్ల మీద నిలబడి ఇదంతా చూసి, "రెండు వైపులా గట్టి చేసుకున్నావన్నమాట లింగమ్మా" అని నవ్వారు.

అన్న ఆ బండి మీద తిరిగింది మూడు వారాలే.

వానాకాలం మొదట్లో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని గోళీలు మింగుతూ డ్యూటీకి పోయాడు. అంతలో తెలంగాణ కోసం రెండు రోజుల బంద్. రెండో రోజు పొద్దున అన్న లేచి నిలబడలేకపోయాడు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, అంబులెన్సుకు చేసిన ఫోను కలవలేదు. నాయిన బండి బయటికి తీశాడు. అన్నను వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా నా చున్నీతో ఇద్దరి నడుములూ కలిపి నేనే కట్టాను. అన్న రెండు చేతులూ నాయిన కడుపు చుట్టూ వేసి పట్టుకున్నాడు. అలా మలక్‌పేట దవాఖానకు బయల్దేరారు.

ఆ తర్వాత కాసేపటికి గంగాధరరావుగారు తన డొక్కు స్కూటరు మీద నన్నూ అమ్మనూ ఎక్కించుకున్నారు. తన మాట వింటే ఏ వైపు మనిషో తెలిసిపోతుందని, దారిలో ఆపిన చోటల్లా ఆయన నోరు విప్పలేదు, అమ్మే మాట్లాడింది. బిడ్డకు బాగాలేదనగానే ఉద్యమం పిల్లలు అడ్డం పెట్టిన రాళ్ళు వాళ్ళే పక్కకు జరిపారు. మేము చేరేసరికి అన్నను అప్పుడే స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతున్నారు. అమ్మ అందరినీ తోసుకుని పోయి అన్న చెయ్యి పట్టుకుంది. "జోయలూ, నేను అమ్మను, వచ్చిన బిడ్డా" అంది. నర్సులు ఆమెను బయటికి పంపి తలుపు మూశారు. కాసేపటికి డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు. "ఇంకొంచెం ముందు తెచ్చుంటే..." అని ఆగిపోయాడు. ఆ మాట ఎందుకు అంటారో ఈ డాక్టర్లు. అనకపోతే వాళ్ళ సొమ్మేం పోతుంది?

సమాధి దగ్గర మట్టయ్య కనిపించాడు. మా ఊరివాడే, అల్మాస్‌గూడలో ఉంటాడు. బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యమం వాళ్ళు వేసిన టెంటులో కూర్చున్నాడట. చెడ్డ మనిషి కాదు. నోరు ఆగదు, అంతే.

"రోడ్డంత ఖాళీగుండె అక్కా, గప్పటికింక రాళ్ళు పెట్టలే. నేను రోడ్డుకు కుడిదిక్కు టెంట్ల ఉన్న. తీతన్న నిమ్మళంగ, ఒక్కతీరుగ పోతుండు. పోరడు అయ్య ఈపు మీద తలపెట్టి పండుకున్నడు. ఏం పర్వా లేదేమో, గందుకే మెల్లగ పోతుండనుకున్న."

అమ్మ నాయిన వైపు తిరిగింది. "నలభై దాటలే గదా నువ్వు? కొత్త బండి గదా? ఇంజను గీసుకుంటది గదా?"

నాయిన తల దించుకున్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. అమ్మ ఆయనతో మాట్లాడింది అదే ఆఖరు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు రెండు పళ్ళేలే పెట్టేది, ఆమెకూ నాకూ. మేము తిని లేచాక నాయిన వచ్చి తానే పెట్టుకుని తినేవాడు. నేనూ అమ్మకేం తీసిపోలేదు. ఆయన్ను నాయినా అని పిలవడం మానేశాను. పనుంటే గోడకు చెప్పినట్టు చెప్పేదాన్ని. నా అన్న చచ్చిపోతుంటే ఇంజను గురించి ఆలోచించిన మనిషిని ఏమని పిలవాలి?

అమ్మకు ఒక్కటే ఓదార్పు మిగిలింది. ఎవరొచ్చినా అదే చెప్పేది. "నేను పిలిస్తే చెయ్యి కదిలించిండు. నా మాట ఇనే పోయిండు నా కొడుకు."

బండి మీద దుప్పటి కప్పి మెట్ల కింద పెట్టాం. దసరా ముందు సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. అన్న పోయాక నేను పనికి కుదిరింది మలక్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో. షేర్ ఆటోల్లో వేలాడలేక, రోజూ ఆలస్యమై మాటలు పడలేక ఏడుపొచ్చేది. గంగాధరరావుగారే అన్నారు, "ఆ బండి అలా వదిలేస్తే తుప్పు పట్టిపోతుందమ్మా జోస్నా. మీ నాన్న ఎలాగూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాడుగా, వెనక కూర్చుని వెళ్ళొచ్చుగా?"

లోపల నుంచి అమ్మ అరిచింది. "ఆయిన ఎనక నా ఇంకో బిడ్డను కూసోనియ్య. పోతే అదే నేర్చుకొని పోనీ."

అలా నాకు బండి నేర్పే పని నాయిన మీద పడింది. పొద్దున్నే కాలనీ వెనక ఖాళీ రోడ్డు మీద నేర్పేవాడు. క్లచ్చు ఎప్పుడు నొక్కాలి, గేరు ఎప్పుడు మార్చాలి, బ్రేకు మీద కాలు ఊరికే ఎందుకు పెట్టకూడదు. షోరూములో చెప్పినట్టే అన్నీ చెప్పేవాడు, సార్ అనడం ఒక్కటే తక్కువ. నేను ఊఁ అనేదాన్ని తప్ప ఆయన మొహం చూసేదాన్ని కాదు. మీటరు మీద అన్న తిరిగిన కిలోమీటర్ల మీద నావి ఎక్కుతుంటే దాని వైపు చూడకుండా కళ్ళు రోడ్డు మీదే పెట్టేదాన్ని.

మొదటిసారి మెయిన్ రోడ్డు ఎక్కిన రోజు ఆయన నా వెనక కూర్చున్నాడు. వెనక ఎవరూ కూర్చోవద్దని చెప్పే మనిషి, "ఇయ్యాల ఒక్క రోజు" అన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మూడో గేరులో పెట్టి అలాగే పోనిస్తున్నాను.

"ఒక్కతీరుగ పోకు బిడ్డా. కొత్త ఇంజనుకు మంచిది గాదు. గేరు మార్చు. జర తగ్గించి మల్ల పెంచు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పోలేదా ఆ రోజు ఒక్కతీరుగ?" అన్నాను.

నా మాట నాకే మళ్ళీ వినిపించింది. మట్టయ్య చెప్పింది అదే కదా, ఒక్కతీరుగా పోయాడని. ఇన్నాళ్ళూ మాకు మెల్లగా అన్నదొక్కటే చెవికెక్కింది. ఇంజను మీద ప్రేమతో మెల్లగా నడిపినవాడైతే గేర్లు మారుస్తూ, పెంచుతూ, తగ్గిస్తూ పోవాలి. జన్మంతా లోకానికి ఆయన చెప్పిన పాఠం అదే. ఒక్కతీరుగా పోయాడంటే గేరు మార్చలేదు. మార్చలేదంటే క్లచ్చు నొక్కలేదు. క్లచ్చు ఉండేది ఎడమ చేతికి.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బండి పక్కకు ఆపాను.

"ఆ రోజు నీ ఎడమ చెయ్యి ఏం చేస్తుండె?"

నాయిన దిగి మార్కెట్ గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. బత్తాయిల లారీ ఒకటి రివర్సు చేస్తున్నారు. అది ఆగాక చెప్పాడు.

"ఈడిదాంక డెబ్బై మీదనే తెచ్చిన బిడ్డా. ఇంజను ఒర్రుతున్నా ఇనలే. గీడికొచ్చినంక వాడు చేతులు ఇడిసిపెట్టిండు."

నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను.

"తల నా ఈపు మీద పడ్డది. ఆపి చూసిన. ఊపిరి లేదు. పిలిచిన, చెంపలు తట్టిన. ఒక్కరన్న లేరు రోడ్డు మీద. చున్నీ మల్ల గట్టిగ కట్టిన. బండి కదిలినంక వాని రెండు చేతులు నా కడుపు మీదికి గుంజుకొని గీ చేత్తోని పట్టుకున్న. ఇగ ఉరికి ఏం జేస్త? వాడు కింద పడొద్దని ఒక్కటే అనుకున్న."

రోడ్డు మీదే ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. ఇక్కడ ఎన్నిసార్లు ఏడ్చాడో, రోజూ ఇదే దారిలో కదా డ్యూటీకి పోయేది.

"మరి అమ్మకు ఎందుకు చెప్పలే? ఇన్ని దినాలు గన్ని మాటలు ఎందుకు పడ్డవ్?"

"మీ అమ్మ పిలిస్తే వాడు చెయ్యి కదిలించిండంట. మాట ఇనే పోయిండంట. ఆమెకు గదొక్కటే మిగిలింది బిడ్డా. గది గుడ గుంజుకొని నేనేం జేస్కుంట? తిట్టుకోనీ. నేను మోస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన్ను దింపాను. "మెల్లగ పో" అన్నాడు. షోరూము గాజు తలుపు వెనక అప్పుడే ఎవరో కొత్త బండి పక్కన ఫోటో దిగుతున్నారు. ఆయన వాళ్ళ వైపు నడిచాడు.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి వచ్చాం. అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది. నాయిన గుమ్మం బయటే ఆగి బండి తుడవడం మొదలుపెట్టాడు.

"ఎట్ల నేర్పిండు? నలభై దాటొద్దన్నడా?" అంది అమ్మ.

"అన్నడు."

"అంటడు. బండ్లకు నొప్పి గావొద్దు ఆయినకు."

రోజూ అయితే దీనికి నేనూ ఒకటి కలిపేదాన్ని. ఈ రోజు నాలుక చివర వేరే మాట ఉంది. ఆ ఒక్క మాట చెబితే అమ్మ లేచి బయటికి వెళ్తుంది, ఆ మనిషి మొహం చూస్తుంది, ఇన్ని నెలల తర్వాత ఆయనతో మాట్లాడుతుంది. చెప్పెయ్యాలని నోరు తెరిచాను.

"ఏమన్న గానీ," అంది అమ్మ రొట్టె తిప్పుతూ, "నేను పిలిస్తే ఇన్నడు నా కొడుకు. చెయ్యి కదిలించిండు. నువ్వు గుడ ఉంటివి గదా ఆడ. చూసినవా లేదా?"

ఎప్పుడూ నన్ను ఇలా అడగలేదు. రొట్టె మీద చెయ్యి అలాగే ఉంచి నా మొహంలోకి చూస్తోంది. బయట నాయిన చేతిలో బట్ట ఆగిపోయింది.

"చూసినమ్మా," అన్నాను. "కదిలించిండు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని రెండు పళ్ళేలు తీసి కింద పెట్టింది. నేను లేచి మూడోది తెచ్చాను. అమ్మ దాని వైపు చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"నాయినా, చేతులు కడుక్కొని రా. రొట్టె చల్లారుతది."