ఐస్ అక్కర్లేని సరుకు

మా ఊరికి ధనంజయ బండి తప్ప ఇంకో బండి రాదు. పులికాట్ సరస్సు ఒడ్డున, తారురోడ్డు ఆగిపోయే చోట ఉంటాం మేము. ఆ బండి పొద్దున్నే నాయుడుపేట నుంచి ఐసు వేసుకుని వస్తుంది, మా చేపలూ రొయ్యలూ ఎత్తుకుని పోతుంది. ధర ధనంజయ చెప్పిందే. కాదని ఎవరైనా ఒక్కసారి వేరేవాడికి అమ్మారా, బండి నెల పాటు వాళ్ళ వాకిట్లో ఆగదు. ఐసు లేని చేప మధ్యాహ్నానికి ఏమవుతుందో నేను చెప్పాలా? పోనీ ఆ ధనంజయ ఎవరినైనా ఒక్క మాట అంటాడా అంటే, అనడు. అదే నాకు ఒళ్ళు మంట. తిడితే తిరిగి తిట్టొచ్చు. "అమ్మణ్ణీ, బాగుండావా?" అని పళ్ళికిలించేవాణ్ణి ఏం చేయగలం?

నా మొగుడు మురుగేష్ ఓర్పు ఈమధ్య అయిపోయింది. ఎండ్రకాయల్ని, అదే పీతల్ని, ఏరేటప్పుడు బండివాళ్ళు కొన్నిటిని పక్కన పడేసి, "కాలిరిగింది, రెండో రకం" అంటారు. ఆ కాలు విరిగేది వాళ్ళు డబ్బాల్లోకి విసిరినప్పుడే. అలాగని వాటిని వదిలేస్తారా, లేదు, సగం ధరకు అవీ ఎత్తుకుపోతారు. పోయిన నెల ఒకరోజు అలాగే జరిగితే ఈయన ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు.

"నాయుడుపేట కాడ ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని ఉండాదంట. వచ్చే నెల్లో చేరిపోతా," అన్నాడు.

మా సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్ళు వల వేయడానికి లేదు. ఊరి పెద్దలు చీట్లు తీసి వంతులు పంచుతారు. మంచి చోటు మన వంతుకు ఎప్పుడో గానీ రాదు. వంతు వచ్చిన రోజు పడవతో నిలబడని మనిషి పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఎక్కించరు. అంటే ఈయన ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడంటే పడవ పోయినట్టే. ఈ మనిషి సంగతి నాకు తెలుసు. చంద్రగిరిలో మా పిన్ని కూతురి పెళ్ళికి పోతే, నీళ్ళ చప్పుడు లేదని రాత్రంతా అటూ ఇటూ దొర్లినవాడు. గేటు దగ్గర ఎన్నాళ్ళు బతుకుతాడు?

"మన వంతు వచ్చిందాకా ఆగు. ఆ రోజు పడే ఎండ్రకాయల్ని నేనే తిరపతికి తీసకపోయి అమ్ముతా," అన్నాను.

"బండి లేకుండా యాడికి పోతావే?"

"ఎండ్రకాయకు ఐసెందుకయ్యా? కాళ్ళు కట్టి తడిగోనెలో చుడితే బతికే ఉంటాది గదా. ఆడోళ్ళకు బస్సు కూడా ఊరికేనే."

ఊరికే అన్న మాట కాదది. జనవరిలో ఫ్లెమింగో పక్షుల్ని చూడ్డానికి వచ్చి, తిరుపతిలో మెస్సు నడిపే రాజశ్రీ అనే ఆమె మా ఇంట్లో ఎండ్రకాయల పులుసు తిన్నది. చేతివేళ్ళు నాకుతూ, "నువ్వు వారం వారం తెచ్చిస్తే నేనే తీసుకుంటానక్కా. మధ్యలో ఎవరూ వద్దు," అని నంబరు ఇచ్చిపోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే, "అయ్యో, అడగాల్నా? మీ వంతు వచ్చినప్పుడు తెచ్చెయ్," అంది.

వంతు పెరటాసి నెలలో, సెప్టెంబరు ఆఖరున, ఒక మంగళవారం వచ్చింది. పెరటాసి శనివారాలు వెంకటేశ్వరస్వామివి, ఆ రోజుల్లో ఎవరూ నీచు ముట్టరని మాకూ తెలుసు. మా ఊళ్ళో శనివారం గడిస్తే ఆదివారం పొద్దున్నే పొయ్యి మీద చేపలుంటాయి. మంగళవారం పట్టింది బుధవారం అమ్మితే అడ్డేముంది, స్వామే కలిసొచ్చేట్టు చేశాడు అనుకున్నాను.

బుధవారం తెల్లవారుతుండగా సంచీ సర్దాను. అరచెయ్యంత వెడల్పున్నవి, మగవి, బరువైనవి మాత్రమే ఏరాం. ఒక్కదానికీ కాలు విరగకుండా నా చేత్తో నేనే కట్టాను. పైన మునగాకు కప్పాను, కండక్టరు చూస్తే దింపేస్తాడు మరి. నేను బయల్దేరుతుంటే ధనంజయ బండి వచ్చింది. మురుగేష్ డ్రైవరు దామోదరానికి ఎదురు పోయి, "ఇంకమీదట మా వాకిట్లో ఆపొద్దప్పా," అన్నాడు. "ఇప్పుడే ఎందుకు చెప్పినావు?" అని కసిరాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళైందో. సంచీ నెత్తికెత్తుకుని బస్సు ఆగే చోటికి నడిచాను.

బస్సు నిండా పసుపు చీరలు. కొండకు పోయే జనం. బుధవారం కూడా ఇంతమందేమిటబ్బా అనుకున్నాను గానీ, నా బుర్ర అంతకు మించి ముందుకు పోలేదు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ, "సంచీలో ఏముండాదమ్మా?" అని అడిగింది. "మునగాకు పెద్దమ్మా." "మునగాకు అట్ల కదులుతాదా?" నిజంగానే ఒకటి కట్టు వదులు చేసుకుని గోనెను గీరుతోంది. ఏం చేయాలో తోచక, "ఏడుకొండలవాడా, వెంకటరమణా!" అని అరిచాను. బస్సంతా "గోవిందా గోవిందా!" అంది. ఇక తిరుపతి దాకా అదే పని. అది గీరినప్పుడల్లా నేను అరవడం, బస్సంతా గోవింద కొట్టడం. ముసలమ్మకు నా భక్తి చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా చేతిలో పులిహోర పొట్లం పెట్టింది.

మెస్సు కనిపెట్టి పోయేసరికి వాకిట్లో బోర్డు పెట్టి ఉంది: పెరటాసి నెల, శాకాహార భోజనం మాత్రమే.

బోర్డు చదివినా నాకు వెంటనే ఎక్కలేదు. లోపల జనం సాంబారన్నం తింటున్నారు. రాజశ్రీ బయటికొచ్చి సంచీ చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అక్కా! ఒక ఫోన్ కొట్టి రాకూడదా? ఈడ శనివారాలే కాదు, నెలంతా ఎవరూ ముట్టరు. నీచు వండే గిన్నెలు కూడా అటక మీద పెట్టేసినాం."

"మార్కెట్లో ఎవరైనా..."

"సగం అంగళ్ళు మూసినారు. తెరిచినోళ్ళు కోడిగుడ్లు పెట్టుకుని కూర్చోనుండారు."

వెనక్కి పోతే సాయంత్రమవుతుంది. ఇప్పటికే అవి నురగ కక్కుతున్నాయి. నా మొహం చూసి ఆమెకు నిజంగానే జాలేసింది. మంచిది, ఆమెను అనడానికేం లేదు. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, "నువ్వేం దిగులు పడొద్దు. మాకు చేపలేసే ఆయనకు మద్రాసు దాకా యాపారముండాది. నీ సరుకు ఆయన తీసుకుంటాడు," అని ఫోన్ తీసింది. ఎవరా ఆయన అని నేను అడిగేలోపే అవతల గొంతు వినిపించింది.

"చెప్పక్కా, బాగుండావా?"

ఆ గొంతు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను.

"ధనంజయా, మీ సరస్సు కాడినుంచి ఒకామె ఎండ్రకాయలు తెచ్చిందప్పా, పాపం. పంకజాక్షి అని."

సంచీ ఎత్తుకుని పారిపోదామని లేచాను. రాజశ్రీ నా చెయ్యి పట్టుకుని ఆపింది, సాయం చేసేవాళ్ళు పట్టుకున్నట్టే, ప్రేమగా. అవతల వాడు నవ్వాడు.

"మా అమ్మణ్ణే! ఆడనే కూర్చోమను. మా దామోదరం ఖాళీ డబ్బాలకని తిరపతికే వచ్చుండాడు. బస్సులో ఎందుకు అగచాట్లు పడాల, మన బండి ఉండాది గదా."

ఫోన్ పెట్టేసి ఆమె సంతోషంగా నా భుజం తట్టింది. "చూసినావా, ఎంత మంచోడో! ఇంకమీదట నీ ఎండ్రకాయలు కావాల్నంటే ఆయనకే చెప్తాలే. నీకు ఈ తిరుగుడు ఉండదు."

జనవరి నుంచి నేను దాచుకున్న 'మధ్యలో ఎవరూ వద్దు' అన్న మాట ఆమె నోటితోనే అలా అయిపోయింది. నేను మజ్జిగ తాగాను. చేతికిచ్చాక తాగకేం చేస్తాను?

దామోదరం వచ్చి నా సంచీ రోడ్డు పక్కనే విప్పాడు. ఒక్కొక్కటి తీసి డబ్బాలోకి విసిరాడు. నాలుగోదాన్ని ఎత్తి చూసి, "కాలిరిగింది, రెండో రకం," అన్నాడు.

"నేను కట్టినప్పుడు ఇరగలేదు! నువ్విప్పుడు ఇరగ్గొట్టినావు!" అని అరిచాను.

"బస్సులో ఇరిగుంటాది లేమ్మా," అన్నాడు వాడు, నా వైపు చూడనైనా చూడకుండా. ధనంజయ చెప్పిన ధరకే లెక్క కట్టి డబ్బు నా చేతిలో పెట్టాడు.

ఆ బండిలోనే ఇంటికి బయల్దేరాను. ఇంకెలా పోతాను? ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనక డబ్బాలు దడదడలాడుతుంటే, శ్రీకాళహస్తి దాటిందాకా ఏడ్చాను. "మా ధనంజయన్న నిన్ను మీ వాకిట్లోనే దింపమన్నాడు," అన్నాడు దామోదరం. వాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, ఊరి బయట మలుపులోనే దిగాను. ఆ బండిలోంచి నేను దిగడం మురుగేష్ కంట పడకూడదు, అంతే. ఇంటికి నడిచిపోయేలోపు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుందామనుకున్నాను.

ఆయన మలుపు దాకా ఎదురొస్తాడని నాకేం తెలుసు? బండి అప్పటికే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది, ఆయన చూడలేదు. ఆయన కళ్ళు నా మొహం వైపు రానే లేదు, నేరుగా సంచీ మీద పడ్డాయి. నా చేతిలోంచి లాక్కుని తిరగేసి దులిపాడు. మునగాకు రెమ్మ ఒకటి రాలింది.

"అన్నీ పోయినాయా? ఒక్కటి గూడా మిగల్లేదా?"

"లేదు," అన్నాను. అబద్ధం కాదు గదా.

ఆ మనిషి చిన్నపిల్లాడిలా సంచీని గుండెకు అదుముకున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఫోన్ తీసి ఫ్యాక్టరీ సూపర్వైజరుకు కలిపాడు. "అన్నా, నేను రాను. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చెయ్. మాకు తిరపతిలో యాపారం కుదిరింది," అన్నాడు. ఆపు, ఆపు అని నా లోపల ఎవరో గొంతు చించుకుంటున్నారు.

ఇంటికెళ్ళాక ఆయన ఆ సంచీని సరస్సు నీళ్ళలో జాడించి, వచ్చే వంతుకు కావాలని తీగ మీద ఆరేశాడు. నేను గడపలో కూర్చున్నాను. ఇప్పుడు చెప్పేద్దాం, ఆయన చేతులు తుడుచుకోగానే చెప్పేద్దాం అనుకుంటుండగా నా ఫోన్ మోగింది.

"అమ్మణ్ణీ, ఇల్లు చేరినావా? మీ ఆయన బండి ఆపొద్దన్నాడంట. పర్లేదులే, నేనేమీ అనుకోలేదు. రేపు మీ వాకిట్లోనే ఆపమన్నాను."

"సరేన్నా," అన్నాను.

"ఎవరే?" అన్నాడు మురుగేష్, తీగ దగ్గర నుంచి.

"మెస్సక్క. సరుకు బాగుండాదంట."

ఆయన ఒడ్డుకు పోయి, చీకటి పడిందాకా పడవ కడుగుతూనే ఉన్నాడు. పొద్దున్నే బండి వస్తుంది.