మళ్ళీ అదే ప్రశ్న

"అల్లా నన్ను చూస్తున్నాడన్న ఎరుక నాకు ఉంటుంది. ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ. వీటిలో ఏది?" ప్రశ్నల కాగితం చూసి జుమాగుల్ చదివింది.

పుచ్చకాయలమ్మే శామ్శీ త్రాసు దించకుండానే నవ్వాడు. "పోయినసారీ ఇదే అడిగావుగా! నా జవాబు పారేసుకున్నావా అపా?" తమకన్నా పెద్ద ఆడవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు.

"లేదయ్యా. మళ్ళీ అడగాలి. అదే పద్ధతి."

"అయితే ఎప్పుడూ అని రాసుకో. త్రాసు పట్టుకున్నప్పుడు మాత్రం కాస్త అటు తిరగమను ఆయన్ని."

పక్క అంగడివాళ్ళు ఘొల్లుమన్నారు. జుమాగుల్ నవ్వలేదు. నవ్వకూడదు, తల ఊపకూడదు, సొంత మాట ఒక్కటీ చెప్పకూడదు. ఓష్ నగరంలో మనస్తత్వశాస్త్రం చెప్పే కుర్ర అధ్యాపకుడు మరీ మరీ చెప్పి పంపాడు. ముస్లింలలో భక్తి ఎంత ఉంది, దానికీ మనశ్శాంతికీ సంబంధం ఏమిటి అన్నది ఆయన కొలుస్తున్నాడు. రెండు వారాలు గడిచాక అదే మనిషి అదే జవాబు చెబితేనే ఆ కొలతను నమ్మవచ్చట.

జుమాగుల్ పొడుగాటి మనిషి. భుజాలు కాస్త వంగాయి. పత్తి మిల్లు మూతపడేదాకా అందులోనే పనిచేసింది. మిల్లు పోయినా దూది దుమ్ము పెట్టిన దగ్గు పోలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ తన పెళ్ళి ఊసెత్తలేదు. తల్లి పోయాక ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఉజ్గెన్ వీధుల్లో తలుపులు తట్టి, నీ మనసు ఎలా ఉందని అందరినీ అడుగుతుంది. ఆమెను ఎవరూ అడగరు.

అంగడి దాటి, ఏటి వైపు సందులోకి తిరిగేసరికి ఆమె నడక నెమ్మదించింది. ఆ సందు చివర తాజిఖాన్ అపా ఇల్లు. పోయినసారి జుమాగుల్ పద్ధతి తప్పింది అక్కడే.

ఆ రోజు ముసలామె నమాజుకూ ఉపవాసానికీ అన్నిటికీ "ఎప్పుడూ" అంది. మనసు ప్రశాంతంగా ఉంటుందా అని అడిగితే మాత్రం "ఎన్నడూ" అంది. కోడలు ఉల్జాన్ టీ కోసం లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"మా ఆయన లారీ తోలేవాడమ్మా. తాగేవాడు. ఒక్కనాడూ నేలకు తల ఆనించి సజ్దా చెయ్యలేదు. కానీ కనుమ దారిలో, మంచులో, ఎవరైనా నిలబడి ఉంటే ఎక్కించుకోకుండా వచ్చేవాడు కాదు. నేను ఇన్ని నమాజులు చేసి స్వర్గానికి పోతే, అక్కడ ఆయన లేకపోతే? ముల్లాను అడిగితే తల దించుకున్నాడు."

ఆ జవాబు రాయడానికి కాగితంలో చోటు లేదు. జుమాగుల్ కలం పక్కన పెట్టింది. "ఆయన ఎలాంటివాడో పుట్టించినవాడికి తెలియదా అపా?"

తాజిఖాన్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఏదీ, ఇంకోసారి అను."

జుమాగుల్ ఇంకోసారి అంది.

అప్పటినుంచీ ఆమెకు ఒకటే గుబులు. ఈసారి ముసలామె జవాబు మారితే కొలత తప్పుతుంది. తప్పించింది తనే. మారకపోతే? అదే ఎక్కువ భయంగా ఉంది.

గేటు తీసే ఉంది. ఇంటి ముందు వరసగా బెంచీలు, వాటిమీద ఎవరూ లేరు. ఉల్జాన్ నల్లని తలగుడ్డ కట్టుకుని చాపలు దులుపుతోంది. జుమాగుల్‌ను చూసి చేతులు దించేసింది.

"అపా పోయింది. మొన్ననే ఏడో రోజు చేశాం."

ఇద్దరూ లోపల కూర్చుని పోయినామె కోసం ఫాతిహా చదివారు, అరచేతులతో ముఖం తుడుచుకున్నారు. ఉల్జాన్ టీ పోసింది.

"నువ్వు వెళ్ళాక వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట. పుట్టించినవాడికి తెలియదా అని. పాలవాడికి కూడా చెప్పింది. రాత్రిళ్ళు లేచి కూర్చునే మనిషి, తెల్లారేదాకా కదలకుండా పడుకునేది. ఒకనాడు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేపబోతే లేవలేదు." ముక్కు తుడుచుకుంది. "పోనీ, ఆమె బదులు నన్ను అడుగు."

"కుదరదమ్మా. అదే మనిషి చెప్పాలి."

"నన్నెవరూ ఏదీ అడగరు అపా."

జుమాగుల్ కాగితాలు సంచిలో పెట్టి తాడు బిగించింది. టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుంది. "సరే. కాగితం వద్దు. ఊరికే చెప్పు."

ఉల్జాన్ చాలాసేపు చెప్పింది. జుమాగుల్ తల ఊపుతూనే ఉంది. ఒకచోట తన తల్లి సంగతి కూడా చెప్పింది.

సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినిపించాక లేచింది. గడప దగ్గర తన చెప్పుల పక్కనే ఇంకో జత, తాజిఖాన్ తొడుక్కునే ఎర్ర ఉన్ని అంచున్న రబ్బరు గలోషు బూట్లు. ఎవరో శుభ్రంగా కడిగి, బయటికి వెళ్ళేవాళ్ళకు వీలుగా మొన వీధి వైపు తిప్పి పెట్టారు.