ఆరున్నొకటి

"లాభం... రెండు... మూడు..."

తాతబ్బాయి కాయలు విసురుతున్నాడు. అంబాజీపేట కొబ్బరి డిపోలో పొద్దుటినుంచీ అదే పాట. మోకాళ్ల మీద గోనెపట్టా, పీచు ఒరుసుకుని నల్లబడ్డ అరచేతులు, గోరు ఊడిన కుడి బొటనవేలు.

"అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది..."

ఒకటిని లాభమనాలి, ఏడు అనకూడదు. కాయల దగ్గర ఆ ఏడుపు మాటేమిటని డిపో యజమాని బంగారరాజుగారు విరుచుకుపడతారు. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట తాతబ్బాయి నోట రాలేదు. డెబ్బైమూడులో భార్య అచ్చయమ్మ పోయిననాడు కూడా మనిషి ఏడవలేదు. పాడెకి వెదుళ్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆవిడ పోయాకే ఈ పిచ్చి పట్టుకుంది. అప్పటిదాకా తన చేతుల మీదుగా పోయిన కాయలన్నీ కూడితే తొంభై లక్షల తొంభై ఏడువేల తొమ్మిదివందల అరవైమూడు. దాన్ని దేనితోనైనా మిగులు లేకుండా భాగించాలి. ఇంట్లో ఒక్కడే మిగిలిపోయినవాడికి మిగులంటే ఒళ్లుమంట మరి! రోజూ మధ్యాహ్నం అన్నం తిని, పలక మీద ఒక్క భాగహారం చేసేవాడు. పనికిరాని సంఖ్యని సుద్దతో డిపో తలుపు మీద రాసేవాడు. తనది బేసి సంఖ్య కనక సరి సంఖ్యల జోలికి పోలేదు. మూడువేల పదహారు దాకా చూస్తే చాలు, అప్పటికీ తెగకపోతే ఇక తెగదని లెక్కల మేష్టారు గౌరీశంకరంగారు చెప్పారు. నాలుగేళ్లు దాటింది. ఇవాళ ఆఖరిది, మూడువేల పదిహేను.

పదిహేడువందల ఎనిమిది మిగిలింది.

సాయంత్రం మేష్టారు దేవుడి కాయకని వచ్చేసరికి తాతబ్బాయి కాయల గుట్టకి చేరగిలబడి ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

"ఆయ్, అయిపోయిందండి మేష్టారూ. ఎవరికీ సమంగా రాదండి. మాయదారి అంకె."

మేష్టారు కళ్లజోడు సర్దుకుని తలుపు మీది వరస పైనుంచి చదివారు. మూడు, అయిదు, తొమ్మిది...

"ఏడేదయ్యా?"

"ఏంటండీ?"

"అయిదు తరవాత తొమ్మిది రాసేవు. మధ్యలో ఏడు ఏమైంది?"

తాతబ్బాయి తలుపుకేసి నోరు తెరుచుకు చూశాడు. "డిపోలో ఆ మాట అనవండి... నాలుగేళ్లండీ బాబూ! నా బుర్ర తగలెయ్య!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. మేష్టారికి బస్సు వేళయింది. "చేసి చూడు, రేపు చెబుదువుగాని," అంటూ కాయ పుచ్చుకుని వెళ్లిపోయారు.

తాతబ్బాయి పలక తుడిచాడు.

"ఏడు," అన్నాడు పైకే. మళ్లీ అన్నాడు. రెండోసారి అది అంకెలా లేదు. అచ్చయమ్మే పక్కన కూర్చుని తనతో అంటున్నట్టుంది. సుద్ద పట్టుకుని భాగహారం మొదలెట్టాడు.

లారీ వచ్చింది. బంగారరాజుగారు రెండు కేకలేశారు. కునుకు పట్టిందేమోనని దగ్గరికొచ్చి భుజం కదిపితే తాతబ్బాయి పక్కకి ఒరిగిపోయాడు.

పలక ఇంకా ఒళ్లోనే ఉంది. దాని మీద పన్నెండు లక్షల తొంభై తొమ్మిదివేల ఏడువందల తొమ్మిది. అడుగున మిగులు దగ్గర సున్నా, నీటిచుక్క పడి ఒక పక్క కరిగింది.