నా దవడ, నా ట్రంపెట్

దూదిని నేను క్షమించను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరికి నా మనసు కరుగుతుందేమోనని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. దూది మా పురపాలక బ్యాండు ఆఫీసులో సూపరింటెండెంటు. మాట మెత్తన కాబట్టి ఆ పేరు పెట్టాం. "గురువుగారూ" అంటూ మొదలుపెట్టి మనిషిని లోపలినుంచి ఖాళీ చేసేస్తాడు. నొప్పితో తల పగిలిపోతున్నవాడి ముందు తనకు కావలసిన కాగితం పెట్టి సంతకం చేయించుకున్నాడు. నా గొడవ అదీ.

నేను ట్రంపెట్ వాయిస్తాను. ఏడో తరగతిలో బడి మానేసి బ్యాండులో చేరి ముప్పై ఆరేళ్ళయింది. మాకు ట్రంపెట్లు నాలుగు, నాలుగు కుర్చీలు. మొదటి కుర్చీవాడు పై స్వరాలు వాయిస్తాడు, జనం వాడినే చూస్తారు. పదిహేడేళ్ళుగా ఆ కుర్చీ నాది. ఆదివారం సాయంత్రాలు పార్కులో వాయిస్తాం. కొత్త వంతెన తెరిచినా వాయిస్తాం, ఎవరైనా పెద్దమనిషి పోయినా వాయిస్తాం.

నొప్పి ఎడమ చెవికి కాస్త ముందు, వేలు పెడితే గుంటలా తగిలే చోట మొదలైంది. మొదట్లో నమిలేటప్పుడు టక్కుమనేది, అంతే. తర్వాత చెంపకు పాకింది, కణతకెక్కింది, కంటి వెనక కూర్చుంది. పొద్దున్న లేస్తే నోట్లో రెండు వేళ్ళు పట్టేవి కావు. పన్ను నొప్పే అనుకున్నాను. ఊదేవాళ్ళం మొహంలో ఎక్కడ నొప్పెట్టినా పన్ను మీదకే తోసేస్తాం. పళ్ళ డాక్టరు ఏమీ లేదంటున్నా వినకుండా రాయిలాంటి దంతం పీకించుకున్నాను. పన్ను పోయింది, నొప్పి మాత్రం పోలేదు.

ఎవరికీ చెప్పలేదు. మా బ్యాండులో పెదవి మీద మౌత్‌పీస్ ఆనిన గుండ్రటి మచ్చ లేనివాడిని మనిషి కింద లెక్కపెట్టరు. నాకు నేర్పిన ముసలాయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "నొక్కు, వస్తుంది." పై స్వరం రాకపోతే మౌత్‌పీస్ ఇంకాస్త నొక్కాలి, ఇంకా రాకపోతే ఇంకాస్త. ముప్పై ఆరేళ్ళు అలాగే నొక్కాను. ఎడమవైపు నొప్పెడితే మౌత్‌పీస్‌ను కుడివైపు జరుపుకుని మరీ నొక్కాను.

ముందు పట్టుకున్నది మా ఆవిడ.

"రాత్రంతా పళ్ళు నూరుతున్నావు. పక్కన రోలు పెట్టుకుని పడుకున్నట్టుంది నాకు. కలలో ఎవర్ని నములుతున్నావయ్యా, దూదినా?"

"నువ్వు పడుకో."

"పడుకుందామనే అడుగుతున్నా. రొట్టె ముక్క నమలడానికి పావుగంట పడుతోంది నీకు. మొహం ఓ పక్క చూస్తే వాచినట్టుంది. రేపు డాక్టరు దగ్గరికి వస్తావా, నన్నే లాక్కెళ్ళమంటావా?"

లాక్కెళ్ళింది.

దవడల డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయికి పెళ్ళయ్యే నాటికి ఎలా ఉందో అలా ఉంది. ఫోటోలు తీసింది, చెవుల ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించి మూయించింది. తర్వాత ట్రంపెట్ తెచ్చుకుని మళ్ళీ రమ్మంది. నా జన్మలో ఏ డాక్టరూ అడగని మాట. ఆ చిన్న గదిలో, బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె ముందు నిలబడి వాయించాను.

"మీకు ఎవరి మీదండీ అంత కోపం?" అంది.

"అదేమిటమ్మా?"

"ట్రంపెట్‌ని మొహంలోకి దిగగొడుతున్నారు. కింది దవడ ముందుకు లాగి, ఎడమచేత్తో వెనక్కి తోస్తున్నారు. కీలు మధ్యలో నలిగిపోతోంది."

"పై స్వరం అలాగే వస్తుందమ్మా."

"ఇంకో ఏడాది అలాగే వస్తుంది. ఆ తర్వాత అన్నం ముద్ద కూడా లోపలికి వెళ్ళదు." నా పెదవి మీద మచ్చ చూపించింది. "ఇదీ దెబ్బే. మీరు పతకంలా మోస్తున్నారు."

"తగ్గుతుందా?"

"తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. ఆరు వారాలు ట్రంపెట్ ముట్టుకోకండి. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. రోజంతా గుర్తు పెట్టుకోవలసింది అంతే."

సెలవు కోసం దూది దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు మాట్లాడితేనే చెవిలో మేకు దిగుతున్నట్టుంది. అతను కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు.

"మీరెందుకు శ్రమపడతారు గురువుగారూ, అర్జీ నేను టైపు చేయిస్తాగా. నిజం నిజంలా రాద్దాం, పైవాళ్ళు జాలిపడతారు."

రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి సెలవుకన్నాడు, రెండోది డాక్టరు బిల్లుకన్నాడు. రెంటి మీదా సంతకం పెట్టాను. చదవడం రాక కాదు, ఏడో తరగతి దాకా వచ్చినవాణ్ణి చదవగలను. నమ్మాను. అదే నేను చేసిన వెధవపని.

ఇరవై రోజులకు ఇంటికి ఉత్తరం వచ్చింది. వాయించే శక్తి శాశ్వతంగా పోయింది కాబట్టి నన్ను విధుల నుంచి తప్పించమని నేనే కోరుకున్నానట. దయతో ఒప్పుకున్నారట. వచ్చి పరిహారం తీసుకోమన్నారు. ఒప్పుకోకపోతే రెండు నెలల తర్వాత వచ్చే మొదటి సోమవారం బ్యాండుతో కలిసి వాయించి చూపించాలి. అలా పరీక్షకు కూర్చున్నవాడికి, గెలిచినా ఓడినా, పరిహారం ఉండదు. బ్యాండులో కుర్చీలు తగ్గించమని పైనుంచి దూదికి హుకుం వచ్చిందని తర్వాత తెలిసింది. నా దవడ అతనికి అడక్కుండా దొరికింది.

మా బావమరిది ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"బావా, ఊదడం మానేస్తే డబ్బిస్తామంటున్నారు. నన్నడిగితే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి కదా!"

మా ఆవిడ నవ్వలేదు. పరిహారం వస్తే చేయవలసిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టింది. వంటింటి కప్పు, అమ్మాయి చదువుకు చేసిన అప్పు, తన మోకాలు.

"నువ్వేమంటావు?" అన్నాను.

"నేనేమంటాను? తీసుకోమంటాను. నువ్వు తీసుకోవు. ఊరికే గొంతు పాడుచేసుకోవడం దేనికి?" లేచి వెళ్ళి వేడినీళ్ళలో తువ్వాలు పిండి తెచ్చి నా చెంపకు వేసి కొట్టింది. కొట్టిందనే అంటాను, పెట్టడం అలా ఉండదు.

ఇక మొదలుపెట్టాను. పొద్దున్న పది నిమిషాలు వేడి గుడ్డ, సాయంత్రం పది నిమిషాలు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి. నాలుక అంగిట్లో ఆనించి నోరు నెమ్మదిగా తెరవడం, మూయడం. గోడ మీద, అద్దం మీద, తలుపు వెనక 'పళ్ళు' అని రాసి కాగితాలు అతికించాను, కనిపించినప్పుడల్లా బిగించిన దవడ వదలడానికి. ఎన్నిసార్లు బిగించి ఉండేవాణ్ణో చెబితే నమ్మరు. చెప్పులు వేసుకుంటూ బిగించేవాణ్ణి, బస్సు కోసం నిలబడి బిగించేవాణ్ణి. దూది గుర్తొస్తే సరేసరి.

ఆరు వారాలయ్యాక డాక్టరు వట్టి మౌత్‌పీస్ ఊదమంది. గడియారం పెట్టుకుని ఐదు నిమిషాలు. రెండు వేళ్ళతో పట్టుకోవాలి, నొక్కడానికి వీల్లేకుండా. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, పదిహేడేళ్ళు మొదటి కుర్చీలో కూర్చున్నవాణ్ణి, పెరట్లో నిలబడి బర్రు బర్రుమనిపించాను.

"పక్కింటావిడ అడుగుతోంది," అంది మా ఆవిడ, "మీ బాతుని ఎప్పుడు కోస్తారని."

తర్వాత ట్రంపెట్. కింది స్వరాలు నొప్పి లేకుండా వచ్చాయి. మధ్యవి వచ్చాయి. పైవి రాలేదు. నొక్కితే వస్తాయి, నాకు తెలుసు. నొక్కలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు బుంగ మా ఇంటికొచ్చాడు. రెండో కుర్చీవాడు. ఊదితే బుగ్గలు కుండల్లా ఉబ్బుతాయి కాబట్టి బుంగ. నాకంటే పదిహేనేళ్ళు చిన్న.

"అన్నా, సోమవారం నువ్వేం కంగారుపడకు. పై స్వరాలు నేను మోస్తాను."

మోయడమంటే ఇదీ: పక్కవాడి పెదవి చచ్చుబడితే, వాడు ఊదుతున్నట్టు ఉండగానే నువ్వు వాడి స్వరం వాయిస్తావు. జనానికి తెలియదు. వాయించాక దాని గురించి మాట్లాడరు. మా బ్యాండులో అదొక మర్యాద.

"నా స్వరం నువ్వు మోసేదేంట్రా?"

"ఎప్పుడూ మోసేట్టే."

"ఎప్పుడూ అంటే?"

టీ గ్లాసులోకి చూశాడు. "నీకు తెలుసనుకున్నానన్నా."

"ఏం తెలుసు?"

"వంతెన తెరిచిన రోజు నుంచి."

"ఆ రోజు నేను వాయించాను. పై స్వరాన్ని ఎనిమిది మాత్రల సేపు పట్టాను. బ్యాండు మాస్టారు వీపు తట్టాడు."

"వాయించావన్నా. నేను కాదన్లేదు. వినిపించింది మాత్రం నాది."

అది ఏడు నెలల కిందటి మాట. దవడ చీలిపోతున్నా ఆ స్వరం పట్టానని ఎంతమందికి చెప్పుకున్నానో! డాక్టరు దగ్గర కూడా చెప్పాను. ఆ వైపు చెవి అప్పటికే హోరుమంటోంది కాబట్టి ఎవరి శబ్దమో నాకు తెలియలేదు.

"చెప్పొచ్చు కదరా వెధవా!"

"మోసినవాడు చెప్తాడా? మా నాన్న పోయిన ఏడాది నువ్వు నాకు చెప్పావా?"

ఆ ఏడాది వీడివి సగం నేనే వాయించాను.

"సోమవారం మోయకు," అన్నాను.

"ఉద్యోగం పోతుందన్నా."

"పోనీ. నాది కాని శబ్దంతో నిలబెట్టుకోను."

రిహార్సల్ గది పొడుగ్గా ఉంటుంది. గోడలకు చెమ్మ, ఇనప కుర్చీలు, కిటికీలో గరగరలాడే ఫ్యాను. ఎదురుగా బల్ల వేసి బ్యాండు మాస్టారు, దూది, పైఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారిణి కూర్చున్నారు. మాస్టారు పన్నెండు నిమిషాల కవాతు పాట తీయించాడు. చివర ట్రంపెట్ పై స్వరం ఒంటరిగా ఎనిమిది మాత్రలు. దూదే అడిగి పెట్టించి ఉంటాడు.

"ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకో," అన్నాను బుంగతో.

"అన్నా..."

"పెట్టుకో. లేదంటే లాక్కుంటాను."

గదిలో అందరూ చూస్తుండగా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ పాటలో రెండో ట్రంపెట్ లేకపోయినా మాస్టారు ఆపలేదు.

మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలకు చెంప వేడెక్కింది. ఏడో నిమిషానికి ఆ పాత మేకు చెవి ముందు నిలబడింది. విరామాలు వచ్చినప్పుడల్లా ట్రంపెట్ దించి, నోరు వదులుచేసి, నాలుక అంగిట్లో ఆనించాను. బ్యాండువాడు వాయిస్తూ మధ్యలో నోరు సవరించుకోవడం ఎవరూ చూసి ఉండరు. చూడనీ. నా శబ్దం నాకు వినిపిస్తోంది, సన్నగా, తిన్నగా. ఏడు నెలల తర్వాత ఇది నాదేనని తెలిసి విన్నాను.

ఆ చోటు వచ్చింది. నా ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి లాగింది. మోచెయ్యి మడతపడింది, దవడ ముందుకు జరిగింది, టక్కుమంది. ఒక్క నొక్కు చాలు. స్వరం అక్కడే ఉంది, తలుపు అవతల నిలబడ్డ మనిషిలా. చెయ్యి వదిలాను. అదే స్వరాన్ని ఒక స్థాయి కింద పట్టి ఎనిమిది మాత్రలూ నిలబెట్టాను. వణకలేదు, పగల్లేదు.

ట్రంపెట్ దించి ఒళ్ళో పెట్టుకున్నాను.

"గురువుగారూ," అన్నాడు దూది మెత్తగా, "రాసింది అది కాదు కదండీ."

"కాదు. నేను వాయించింది అది. ఇకమీదట నేను వాయించేదీ అదే."

అధికారిణి ఫైలు తిప్పింది. "పైది వాయించలేరా?"

"నొక్కితే వాయించగలను మేడం. నొక్కితే వచ్చే ఏడాది ఏదీ వాయించలేను. ముప్పై ఆరేళ్ళు నొక్కాను, ఇక నొక్కను."

"అశక్తుణ్ణని మీరే సంతకం చేశారే?"

"సంతకం నాదే. మాటలు ఆయనవి. డాక్టరు బిల్లుకని పెట్టించాడు."

"అయ్యయ్యో, అపార్థం చేసుకున్నారు," అన్నాడు దూది, తనతో తెచ్చి బల్ల మీద పెట్టుకున్న ఫ్యాను నా వైపు తిప్పడానికి చెయ్యి చాస్తూ.

"ఆ గాలి నాకొద్దు," అన్నాను. వెనక డోలువాళ్ళెవరో నవ్వారు.

మాస్టారు పెన్ను మూసి బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, మంచివాడని కూడా చెప్పను. "మొదటి కుర్చీ నీకివ్వలేను," అన్నాడు. "పై స్వరం లేని మొదటి ట్రంపెట్ ఉండదు."

"నేను కుర్చీ అడిగాను మాస్టారూ. మొదటిదే కావాలని అడగలేదు."

"మూడో కుర్చీలో కింది వరస వాయిస్తావా? కుర్రాళ్ళు వాయించే వరస అది."

"ఇప్పుడే చూశారుగా, కింద ఎలా ఉందో."

అధికారిణి రాసుకుంది. అశక్తుడు అన్న కాగితం కొట్టేసింది. పరిహారం కాగితమూ కొట్టేసింది, నియమం నియమమేనట. దూది ఆ రెండో కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా మడిచాడు, ఒక పనైనా దక్కిందన్నట్టు.

ఇప్పుడు మొదటి కుర్చీ బుంగది. నేను వాడికి రెండు కుర్చీల అవతల కూర్చుంటాను. నొప్పి పోలేదు. చలి పెరిగినా, కోపం పెరిగినా వస్తుంది. రిహార్సల్లో ఇరవై నిమిషాలకోసారి ట్రంపెట్ ఒళ్ళో పెట్టి, ఫ్లాస్కులో నీళ్ళు గుడ్డ మీద పోసుకుని, అందరి ముందే చెంపకు పెట్టుకుంటాను. మొదటి వారం ఇకిలించారు. రెండో నెలలో ట్రాంబోన్ వాయించే పెద్దాయన, పదేళ్ళుగా నాతో మాటల్లేని మనిషి, మరుగుదొడ్డి దగ్గర ఆపి ఆ దవడల డాక్టరమ్మ అడ్రసు అడిగాడు. ఇచ్చాను. ట్రంపెట్ కూడా తీసుకెళ్ళమన్నాను, కాదు, ట్రాంబోన్.

వంటింటి కప్పు ఇంకా కారుతోంది. మా ఆవిడ కింద గిన్నె పెట్టి, "అదిగో నీ పై స్వరం," అంటుంది చినుకు పడ్డప్పుడల్లా. అననీ. ఆమెకు ఆ హక్కుంది. దూదికి లేదు. అతను వరండాలో ఎదురైతే ఇప్పటికీ జాలిగా తలాడిస్తాడు, నేను మోసపోయినట్టు. ఎంత మోసపోయానో నాకు పైసలతో సహా తెలుసు, ఆ పరిహారం కాగితం మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది: మూడు లక్షల పన్నెండు వేల నాలుగు వందల అరవై.