ముల్లు మూడు దగ్గర నిలబడాలి

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటూ నాన్న ఆ మాట అన్నాడు. "సోమవారం నుంచి నువ్వు కౌంటర్లో కూర్చో. రిపేర్లు అన్నయ్య చూసుకుంటాడు."

పదకొండేళ్లుగా ఇంజిన్లు విప్పి బిగించిన చేతులు నావి. రెండేళ్ల క్రితం జ్వరమొచ్చి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగానికి పైగా పోయాయి. చేతులకేమీ కాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టినట్లు లేదు. కోపమొచ్చి కంచం పక్కకు నెట్టేశాను.

మా రిపేరు షెడ్డులో అన్నిటికీ చెవే కొలమానం. బండి దారిలో ఆగిపోతోందని ఎవరొచ్చినా నాన్న తాళం తిప్పి, పెట్రోలు ట్యాంకుకు చెవి ఆనిస్తాడు. లోపలి పంపు రెండు మూడు క్షణాలు గుయ్‌మంటుంది. గుయ్‌మందా, అది బాగున్నట్లే. ఇక దాని జోలికి పోరు. అన్నయ్యకూ అదే విద్య అబ్బింది. చెవులున్నన్నాళ్లూ నేనూ అలాగే చేశాను, ఒప్పుకుంటాను.

శనివారం పొద్దున నర్సు గారు బండి నెట్టుకుంటూ వచ్చారు. ఇళ్లకు వెళ్లి, మంచాన పడ్డవాళ్లకు కట్లు కట్టే మనిషి. నెలలో ఇది మూడోసారి రావడం. అరగంట నడిచాక బండి ఆగిపోతుంది, పది నిమిషాలు నిలబెడితే ఏమీ ఎరగనట్లు మళ్లీ స్టార్టవుతుంది. మొదటిసారి అన్నయ్య ప్లగ్గు మార్చాడు. రెండోసారి ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు మార్చాడు. రెండుసార్లూ ట్యాంకుకు చెవి పెట్టి, "పంపు భేషుగ్గా ఉంది" అన్నాడు.

ఈసారీ చెవి పెట్టి లేచాడు. "బండిలో ఏం లేదండీ. మీరు నడిపే తీరులోనే ఏదో ఉంది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను బాబూ!"

ఆ మాట ఆవిడ పెదవుల మీదే చదువుకున్నాను. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఆ బండి నాకియ్యి," అన్నాను.

"వినపడనిదానివి, పంపేం చూస్తావే?" నాకు అందేలా అరిచి మరీ అన్నాడు అన్నయ్య.

"అది ఉన్నది పెట్రోలు తొయ్యడానికి అన్నయ్యా, కచేరీ చెయ్యడానికి కాదు."

నాన్న చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. నేను అటు చూడలేదు. అక్కర్లేని మాట తప్పించుకోవాలంటే ముఖం తిప్పుకుంటే చాలు. చెవులు పోయాక నాకు మిగిలిన సుఖం అదొక్కటే.

పెట్రోలు చిమ్మకుండా గుడ్డ చుట్టి పైపు ఊడదీశాను. పంపుకూ ఇంజెక్టరుకూ నడుమ ప్రెషరు మీటరు బిగించి తాళం తిప్పాను. ముల్లు లేచి మూడు దగ్గర నిలిచింది. ఉండాల్సింది అంతే.

అన్నయ్య నవ్వాడు. "చెప్పానా?"

"చల్లగా ఉన్నప్పుడు నువ్వూ బాగానే పనిచేస్తావు," అన్నాను.

బండిని ఆరుబయట నిలబెట్టి, ఇంజిను స్టార్టు చేసి, దారిలో తగిలే గాలికి బదులు ఎదురుగా ఫ్యాను పెట్టాను. పంపుకు కరెంటు సరిగ్గా అందుతోందో లేదో తెలియడానికి ఇంకో మీటరు తగిలించి, పీట వేసుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ముల్లు కదల్లేదు. అన్నయ్య రెండుసార్లు వచ్చి వాచీ చూపించి పోయాడు. పరువు పోతుందేమోనని లోపల బెదురు పుట్టింది, అబద్ధమెందుకు.

ఇరవై ఆరో నిమిషంలో ముల్లు వణికింది. రెండున్నర. రెండు. ఒకటి. సీటు మీద ఆనించిన నా అరచేతి కింద ఇంజిను ఎగిరెగిరిపడి ఆగిపోయింది. కరెంటు మీటరు మాత్రం పన్నెండు వోల్టుల దగ్గర చెక్కుచెదరలేదు.

"ఇప్పుడు తాళం తిప్పి చెవి పెట్టు," అన్నాను.

అన్నయ్య పెట్టాడు. "గుయ్‌మంటోందిగా..." అంటూ గెలిచినవాడిలా తలెత్తి, మీటరు చూశాడు. ముల్లు ఒకటి దాటలేదు.

పంపు బయటికి తీశాను. పెట్రోలు వడకట్టే జల్లెడ శుభ్రంగా ఉంది, లోపలి పైపు ఎక్కడా చిట్లలేదు. అరిగింది మోటారే. వేడెక్కాక కూడా తిరుగుతుంది, మోగుతుంది, పెట్రోలు మాత్రం తోయలేదు.

"ట్యాంకు అడుగంటేదాకా నడపకండి," అని నర్సు గారికి చెప్పాను. "చుట్టూ ఉన్న పెట్రోలే దీన్ని చల్లగా ఉంచుతుంది."

కొత్త పంపు వేసి నలభై నిమిషాలు నడిపి చూపించాను. ముల్లు మూడు దగ్గర నుంచి కదల్లేదు. ఆవిడ నా భుజం గట్టిగా నొక్కి వెళ్లిపోయారు.

నాన్న నా ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఈ బుర్రకు తోడు చెవులు కూడా బాగుండి ఉంటే ఎంత బాగుండేదే తల్లీ," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది.

"చెవులు బాగుండి ఉంటే నేనూ మీలాగే ఆవిణ్ణి నెలంతా తిప్పేదాన్ని నాన్నా."

అన్నయ్య వంగి నేల మీది రెంచీలు ఏరుతున్నాడు.

"సోమవారం కౌంటర్లో ఎవరు కూర్చుంటారో మీరిద్దరూ తేల్చుకోండి," అని నేను తరువాతి బండి దగ్గరికి వెళ్లాను.